విద్వాంసుడు వెళ్ళిన దారి, విద్య తిరిగివచ్చే దారి

విద్వాంసుల దేశాంతర గమనాన్ని గురించి మన సభలలోను, పత్రికలలోను సాధారణంగా రెండే ధోరణులు వినవస్తుంటాయి. ఒకటి శోకం: చదువుకున్నవారంతా పరదేశాలకు పోతున్నారు, మన నేల గొడ్డుపోతున్నది అని. రెండవది అతిశయం: మావాడు పారిసులో పరిశోధకుడు, మావాడు వాషింగ్టనులో ఆచార్యుడు అని. పైకి ఇవి పరస్పర విరుద్ధంగా కనిపించినా రెండింటి వెనుకా ఉన్న లెక్క ఒకటే. రెండూ మనిషినే లెక్కిస్తాయి. అతని విద్య ఎక్కడ గ్రంథరూపం దాల్చింది, ఏ భాషలో వెలువడింది, ఎవరి చేతికి చేరింది, పుట్టినచోటికి ఎన్నాళ్ళకు తిరిగివచ్చింది అన్న ప్రశ్నలు రెండింటికీ పట్టవు. మనిషి ప్రయాణం వేరు, విద్య ప్రయాణం వేరు. ఈ తేడాను హైదరాబాదులో పుట్టిన ఒక మహావిద్వాంసుని జీవితాన్ని, ఆ నగరంలోనే వెలసిన ఒక గ్రంథప్రచురణ సంస్థ చరిత్రను ఆధారం చేసుకుని పరిశీలించటం ఈ వ్యాసం ఉద్దేశం.

'బ్రెయిన్ డ్రెయిన్' అనే మాట మన బీదదేశాల ఆక్రందన నుండి పుట్టినదని చాలామంది అనుకుంటారు. అది 1960లలో ఇంగ్లండులో ప్రచారంలోకి వచ్చిన మాట. బ్రిటిషు శాస్త్రజ్ఞులు అమెరికాకు తరలిపోతున్నారని 1963లో లండనులోని రాయల్ సొసైటీ ఒక నివేదిక వెలువరించింది. ఆ గొడవలో పుట్టిన మాట అది. అనగా సంపన్నదేశం తనకంటె సంపన్నమైన దేశాన్ని చూసి పెట్టిన మొర. దానిని మనం యథాతథంగా అరువు తెచ్చుకొని మన కష్టానికి పేరుగా పెట్టుకున్నాము. వారికి పోయినది మనుషులు మాత్రమే. వారి భాష, వారి పత్రికలు, వారి గ్రంథాలయాలు వారి వద్దనే ఉన్నాయి. అమెరికాలో వ్రాసిన వ్యాసం మరునాటికి ఇంగ్లండులో చదువరికి అందుతుంది. మన సంగతి అట్లా కాదు.

శోకించేవారికి జవాబుగా మనవాళ్ళు వెంటనే 'రిహ్లా' సంప్రదాయాన్ని ఉదహరిస్తారు. హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లా (రజి) ఒకే ఒక్క హదీసును స్వయంగా వినటానికి ఒంటె కొనుక్కొని నెల రోజులు ప్రయాణం చేసి షామ్ దేశంలో హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉనైస్ (రజి) ఇంటి తలుపు తట్టిన ఉదంతం అందరికీ తెలిసినదే. హదీసు అన్వేషణలో చేసిన ప్రయాణాల మీదనే ఖతీబ్ బాగ్దాదీ ఒక ప్రత్యేక గ్రంథం కూర్చారు. ఇబ్ను ఖల్దూన్ తన ముఖద్దిమాలో విద్యార్జన కోసం ప్రయాణించి గురువులను ముఖాముఖి కలుసుకోవటం వల్ల కలిగే పరిపూర్ణతను గురించి ఒక అధ్యాయమే కేటాయించారు. ఇదంతా నిజం. కాని ఈ ఉదంతాలను వల్లెవేసి, ప్రయాణం చేయటమే ఒక పుణ్యమైనట్లు మాట్లాడటం సరికాదు. ఆ రోజులలోనూ వేషాలు లేకపోలేదు. ఇస్నాదు గొలుసులో మెట్లు తగ్గించుకునే ఆశతో, అక్షరజ్ఞానం లేని పసిపిల్లలను ముసలి గురువుల సమావేశాలకు మోసుకుపోయి, విన్నవారి జాబితాలో పేరు వ్రాయించిన తండ్రులు ఉన్నారు. నేటి పట్టాల వ్యామోహానికి అది ముత్తాత అనవచ్చు.

రిహ్లా సంప్రదాయంలో మనం నేర్చుకోవలసినది వెళ్ళటం కాదు, తెచ్చుకోవటం. ఒక్క ఉదాహరణ చాలు. ఇమామ్ మాలిక్ (రహ్మ) మదీనాలో బోధించిన 'మువత్తా' నేడు ప్రపంచమంతటా ఎక్కువగా చదవబడే రూపంలో మనకు చేరినది మదీనావాసి ద్వారా కాదు. అందలుసు నుండి వచ్చి, విని, తిరిగి అందలుసుకు వెళ్ళి బోధించిన యహ్యా బిన్ యహ్యా లైసీ ద్వారా. ఇరాకు పక్షాన అదే గ్రంథాన్ని భద్రపరచినది ఇమామ్ ముహమ్మద్ బిన్ హసన్ షైబానీ. ఆయనా మదీనాకు వచ్చి విని, తిరిగి ఇరాకుకు వెళ్ళినవారే. వెళ్ళిన దారి ఎంత దూరమైనా, విన్నదానిని నిలుపుకునే శిష్యులు, చదివించే మసీదు, నకళ్ళు వ్రాసే లేఖకులు, వారికి కూడు పెట్టే వఖ్ఫు తిరిగివచ్చిన చోట సిద్ధంగా ఉన్నారు. ఇవి లేనిచోటికి విద్వాంసుడు తిరిగివచ్చినా విద్య తిరిగిరాదు.

ఇప్పుడు హైదరాబాదుకు వద్దాం. మౌలానా అన్వారుల్లాహ్ ఖాన్, ఇమాదుల్ ముల్క్ బిల్‌గ్రామీ వంటి పెద్దల పూనికతో 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ ఎందుకు గొప్పదని అడిగితే, అరుదైన అరబీ గ్రంథాలను అచ్చువేసినదని జవాబు వస్తుంది. ఆ జవాబు సగమే. ఇక్కడి పండితులు ఇస్తాంబూలు, బెర్లిను, లండను వంటి చోట్ల ఉన్న లిఖిత ప్రతుల నకళ్ళు, ఛాయాచిత్రాలు తెప్పించుకొని, ఆసఫియా గ్రంథాలయం వంటి స్థానిక భాండారాలలోని ప్రతులతో పోల్చి, శుద్ధప్రతి తయారుచేశారు. వారిలో చాలామంది ఊరు కదలలేదు, కాగితాలు కదిలాయి. హాఫిజ్ ఇబ్ను హజర్ 'తహ్‌జీబుత్ తహ్‌జీబ్' 12 సంపుటాలు హిజ్రీ 1325-27లో (1907-09) ఈ నగరంలోనే మొదటిసారి వెలువడినాయి. ఆ పుస్తకం లేకుండా హదీసు ఉల్లేఖకుల పరిశోధన నేడు కైరోలోగాని, లైడెనులోగాని జరగదు.

మనుషులు రావటం కూడా జరిగింది, అదీ ఎదురుదిశలో. యమను నుండి వచ్చిన షేఖ్ అబ్దుర్రహ్మాన్ ముఅల్లిమీ పాతికేళ్ళ ప్రాంతం దాయిరాలో కూర్చొని ఇమామ్ బుఖారీ 'తారీఖె కబీర్', ఇబ్ను అబీ హాతిమ్ 'అల్‌జర్హ్ వత్తఅదీల్' వంటి ఉద్గ్రంథాలను పరిష్కరించి, 1950ల ఆరంభంలో మక్కా హరమ్ గ్రంథాలయానికి వెళ్ళారు. జర్మనీలో పుట్టి, ఇంగ్లండులోని లెస్టర్ పట్టణంలో వ్యాపారపు ఉద్యోగం చేసుకుంటూ అరబీ సాధించిన ఫ్రిట్జ్ క్రెంకో అక్కడినుండే ఇబ్ను దురైద్ నిఘంటువును దాయిరా కోసం పరిష్కరించారు. లండనులో పుట్టిన మార్మడ్యూక్ పిక్తాల్ 1925లో చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయులుగా వచ్చి, 1927 నుండి 'ఇస్లామిక్ కల్చర్' త్రైమాసికాన్ని నడిపారు. నిజాం ప్రభుత్వం జీతంతో కూడిన సెలవు ఇవ్వగా ఆయన దివ్య ఖుర్ఆన్ ఆంగ్లానువాదాన్ని పూర్తిచేశారు. అది 1930లో వెలువడింది. ఆయన తరువాత కొంతకాలం ఆ పత్రికను ఆస్ట్రియా సామ్రాజ్యపు యూదు కుటుంబంలో పుట్టి ఇస్లాం స్వీకరించిన ముహమ్మద్ అసద్ చూశారు. యమనీ, జర్మను, ఆంగ్లేయుడు, ఆస్ట్రియను వంటి వారంతా ఒక దక్కను నగరం పనికి చేతులు కలిపిన ముప్పై నలభై ఏళ్ళ కాలం మనకున్నది. దీనిని నవాబుల దాతృత్వం అని కొట్టిపారేసేవారున్నారు. ధనం నవాబులదే కావచ్చు. కాని ధనం ఉన్న సంస్థానాలు ఇంకా ఉండెను. అన్నిచోట్లా దాయిరా వెలవలేదు.

దాయిరా హిజ్రీ 1335 ప్రాంతంలో (1916-17) వెలువరించిన ఒక గ్రంథం మన విషయానికి కీలకమైనది. అది ఇమామ్ షైబానీ 'సియరె కబీర్'కు షమ్సుల్ అయిమ్మా సరఖ్సీ వ్రాసిన వ్యాఖ్య. యుద్ధం, సంధి, రాయబారం, శరణార్థి, పరరాజ్య పౌరుడు మొదలైన అంశాలపై ఇస్లామీ ధర్మశాస్త్రంలో ఇంతటి విపులమైన గ్రంథం మరొకటి అరుదు. హైదరాబాదులో అచ్చయిన ఈ గ్రంథం చదివే తరంలోనే ముహమ్మద్ హమీదుల్లా పెరిగారు.

డాక్టర్ హమీదుల్లా 1908లో హైదరాబాదులో జన్మించి, జామియా నిజామియాలోను, ఉస్మానియా విశ్వవిద్యాలయంలోను చదివారు. 1930ల తొలి సగంలో ఐరోపాకు వెళ్ళి బాన్ విశ్వవిద్యాలయంలో ఇస్లామీ అంతర్జాతీయ న్యాయంలోని తాటస్థ్యంపై, పారిసులోని సోర్బాన్‌లో మహాప్రవక్త (స) కాలపు దౌత్యపత్రాలపై పరిశోధనలు సమర్పించి డాక్టరేట్లు పొందారు. వెంటనే తిరిగివచ్చి ఉస్మానియాలో బోధించారు. ఈ మొదటి ప్రయాణపు ఫలం హైదరాబాదుకే దక్కింది. ఆయన 'ముస్లిం కాండక్ట్ ఆఫ్ స్టేట్' మొదట 'ఇస్లామిక్ కల్చర్' పుటలలోనే 1941-42లో ధారావాహికగా వచ్చింది. బద్రు, ఉహుదు మొదలైన యుద్ధక్షేత్రాలను స్వయంగా కొలిచి చూసి ఉర్దూలో వ్రాశారు. ఐరోపాలో నేర్చిన పరిశోధన పద్ధతి, ఉస్మానియా తరగతిగది, ఉర్దూ పాఠకుడు, ఇంటిదగ్గరి ముద్రణాలయం ఒకేచోట కలిసిన కాలం అది.

రెండవ ప్రయాణం వేరు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు విషయం భద్రతాసమితి ముందుంచటానికి పారిసు వెళ్ళిన ప్రతినిధి బృందంలో ఆయన ఒకరు. సమితి సమావేశమైన మరునాడే ఇక్కడ రాజ్యం లొంగిపోయింది. పంపిన ప్రభుత్వమే లేకుండాపోయింది. ఆ రాజకీయాల మంచిచెడ్డలు ఇక్కడ మనకు అప్రస్తుతం. పుట్టిన ఊరి పౌరసత్వాన్ని కోల్పోయి, మరే దేశపు పౌరసత్వమూ తీసుకోక, శరణార్థి పత్రంతో దాదాపు అర్ధశతాబ్దం ఫ్రాన్సులో ఒంటరిగా బ్రతికిన విద్వాంసుడు ఏమి పని చేశాడన్నది ప్రస్తుతం. 1954 నుండి 1978 వరకు ఫ్రెంచి జాతీయ వైజ్ఞానిక పరిశోధన కేంద్రంలో పరిశోధకులు. 1959లో ఒకే ఏడాది ఖుర్ఆన్ ఫ్రెంచి అనువాదం, రెండు సంపుటాల ప్రవక్త జీవితచరిత్ర, కైరోలో బలాజురీ 'అన్సాబుల్ అష్రాఫ్' మొదటి సంపుటం వెలువడినాయి. తరువాత డమాస్కసులో ఒక ఉసూలు గ్రంథం, మొరాకోలో ఇబ్ను ఇస్‌హాఖ్ సీరత్‌లో మిగిలిన భాగం. ఇవి కాక హమ్మామ్ బిన్ మునబ్బిహ్ సహీఫా.

ఈ సహీఫా కథ ప్రత్యేకంగా చెప్పదగినది. హజ్రత్ అబూహురైరా (రజి) శిష్యుడైన యమనుదేశీయుడు హమ్మామ్ తన గురువు వద్ద విన్న 138 హదీసులను ఒక చిన్న పుస్తకంగా కూర్చుకున్నాడు. ఇమామ్ అహ్మద్ తన ముస్నదులో దీనిని చేర్చుకున్నారు. కాని విడిపుస్తకంగా అది పోయినదనే పండితుల అభిప్రాయం. హమీదుల్లా విద్యార్థిగా ఉన్నప్పుడు బెర్లిను గ్రంథాలయంలో దాని ప్రతి ఒకటి కంటబడింది. తరువాత డమాస్కసులో మరింత ప్రాచీనమైన ప్రతి దొరికింది. రెండింటినీ పోల్చి 1953లో డమాస్కసు అరబీ అకాడమీ పత్రికలో ప్రకటించారు. ముస్నదులోని పాఠంతో సరిచూస్తే, శతాబ్దాల తరువాత కూడా ఆ పాఠం ఎంత నమ్మకంగా చేరిందో తేలింది. హదీసులు వ్రాతలోకి రావటం రెండుమూడు శతాబ్దాల తరువాతి సంగతి అని వాదించే ప్రాచ్యవేత్తలకు ఇది గట్టి జవాబు. అయితే ఆ జవాబుకు కావలసిన కాగితం ఆ ప్రాచ్యవేత్తల నగరంలోనే, వారి సూచీలోనే ఉన్నదన్న సంగతి మనవారు అంత గట్టిగా చెప్పుకోరు. యమనులో పుట్టిన పాఠం, మదీనా గురువు, జర్మనీ బీరువా, సిరియా బీరువా, హైదరాబాదు కన్ను. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ పుస్తకం నేడు మన చేతిలో ఉండదు. వీరిలో ఎవరిది లాభం, ఎవరిది నష్టం అని శోకించే వర్గంవారు ఏ పద్దులో వ్రాస్తారు?

ప్రశంస ఇక్కడితో ఆపి విమర్శకు రావాలి. హమీదుల్లాను విమర్శించటం మనవారికి ఇష్టం ఉండదు. ఆ నిరాడంబర జీవితం చూస్తే నోరు రాదు. కాని విద్వాంసునికి మనం చేసే గౌరవం చదవటమే గాని చేతులు జోడించటం కాదు.

మొదటిది. వలసపోయిన విద్య ఆతిథ్యమిచ్చిన దేశపు ప్రశ్నలను ధరిస్తుంది. 'తాటస్థ్యం' అనే శీర్షికతో సియర్ గ్రంథాలలో అధ్యాయం లేదు. అది ఐరోపా అంతర్జాతీయ న్యాయశాస్త్రపు అర. హమీదుల్లా ఆ అరను తీసుకొని, సీరత్‌లోని సంఘటనలను, ఒడంబడికలను, ధర్మవేత్తల విడివిడి తీర్పులను ఏరి అందులో అమర్చారు. అమరికలో గొప్ప నైపుణ్యం ఉన్నది. కాని ఇరాకులో పుట్టి అమెరికాలో స్థిరపడిన మజీద్ ఖద్దూరీ అవే మూలాలు చదివి, 1955లో ప్రచురించిన గ్రంథంలో ఇస్లామీ న్యాయ సిద్ధాంతంలో తాటస్థ్యానికి చోటు లేదన్నారు. ఇద్దరిలో ఎవరిది నిజమో తేల్చటానికి ముందు, ఇద్దరూ వేసిన ప్రశ్న సరఖ్సీ వేసుకున్నదేనా అని అడగాలి. కాదని నా అభిప్రాయం. సరఖ్సీ చూపు వ్యక్తుల మీద, వారికిచ్చిన అభయం మీద ఉన్నది. పోరాడే రాజ్యాలు, దూరంగా నిలిచే రాజ్యాలు అన్న విభజన మీద లేదు. హైదరాబాదులో అచ్చయిన అరబీ గ్రంథం బాన్‌కు, వాషింగ్టనుకు చేరి, ఐరోపా ప్రశ్నకు జవాబుగా మనకు తిరిగివచ్చింది. మనం ఆ జవాబునే మూలమనుకొని ఉదహరిస్తున్నాము. ఈ లోపం హమీదుల్లాది కాదు. పారిసులో, బాన్‌లో పరీక్షకుల ముందు నిలిచినవాడు వారి భాషలోనే మాట్లాడాలి. మూలాన్ని దగ్గర ఉంచుకొని కూడా మన ప్రశ్న మనం వేయకపోవటం మన లోపం.

రెండవది మరింత బాధాకరమైనది. ఫ్రెంచిలో 1959లో వచ్చిన ఆయన ప్రవక్త జీవితచరిత్ర తుర్కీ భాషలో 1960లలోనే వెలువడింది. ఇంగ్లీషులో మొదటి సంపుటం రావటానికి 1998 వరకు ఆగవలసివచ్చింది. అదీ ఇస్లామాబాదు పండితుడు మహమూద్ అహ్మద్ గాజీ పుణ్యాన. దాదాపు నలభై ఏళ్ళు! తుర్కీవారు మనకంటె భక్తులా? కాదు. హమీదుల్లా 1950ల నుండి ఏటా కొన్ని నెలలు తుర్కీకి వెళ్ళి పాఠాలు చెప్పారు. పాఠాలు విన్న శిష్యులు ఉన్నారు, వారికి ఫ్రెంచి తెలుసు, ప్రచురించే సంస్థలు ఉన్నాయి. ఆయన అక్కడ స్థిరపడలేదు, పౌరుడు కాలేదు, అక్కడ పుట్టలేదు. ఐనా విద్య అక్కడికి చేరింది. పుట్టిన ఊరు మాత్రం ఆయన పేరు చెప్పుకొని సంతోషించింది. ఉర్దూ పాఠకలోకంలో ఆయన రచనలన్నిటిలో జనాదరణ పొందినది 1980లో బహావల్‌పూర్‌లో చేసిన పన్నెండు ఉపన్యాసాల సంపుటి. అది నోటిమాటగా చెప్పినది. చదవటానికి హాయిగా ఉంటుంది. కాని ఉపన్యాసాలు చదివి హమీదుల్లాను చదివాననుకోవటం భోజనానికి బదులు విస్తరి చూసి తృప్తిపడటం వంటిది.

ఇక్కడ భౌతిక శాస్త్రంనుండి ఒక పోలిక ఉపయోగపడుతుంది. అబ్దుస్సలామ్ కేంబ్రిడ్జి నుండి 1951లో లాహోరుకు తిరిగివెళ్ళారు. అక్కడ తోటి పరిశోధకుడు లేడు, సరియైన పత్రికలు లేవు. 1954లో మళ్ళీ కేంబ్రిడ్జికి వెళ్ళిపోయారు. ఆ అనుభవంనుండి 1964లో ఇటలీలోని ట్రియెస్టెలో ఆయన నెలకొల్పిన సైద్ధాంతిక భౌతికశాస్త్ర కేంద్రం ఒక ఏర్పాటు చేసింది. బీదదేశపు శాస్త్రజ్ఞుడు తన ఉద్యోగం వదలకుండా, కొన్నేళ్ళ వ్యవధిలో కొన్నిసార్లు వచ్చి కొన్ని వారాలు పనిచేసుకొని తన ఊరికే తిరిగివెళ్ళాలి. ఉండిపోవటం, ఒంటరిగా తిరిగిపోవటం అన్న రెండింటి మధ్య ఇది మూడవ దారి. తుర్కీలో హమీదుల్లా చేసినది దాదాపు ఇదే, ఏ సంస్థా రూపకల్పన చేయకుండానే. ఇస్లామీ విద్యలలో ఇటువంటి స్థిరమైన ఏర్పాటు కోసం మన సంస్థలు ఆలోచించినట్లు కనబడదు. మన సంస్థలు పెద్ద పండితుని ఒక సభకు పిలిచి, శాలువా కప్పి, రైలెక్కించి పంపుతాయి.

ప్రయాణమే కష్టమైన రోజులు కూడా ఇవి. 2017లో అమెరికా కొన్ని ముస్లిం అధిక సంఖ్యాక దేశాల పౌరుల ప్రవేశంపై ఆంక్షలు విధించినప్పుడు, సదస్సులకు పిలుపు అందిన విద్వాంసులు కూడా వెళ్ళలేకపోయారు. విద్వాంసుల రాకపోకలపై నమ్మకం పెట్టుకున్న విద్య ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో నిలిచిపోగలదు. కాగితం రాకపోకలు అంత తేలికగా ఆగవు. దాయిరా పాత అచ్చులను బేరూతు ప్రచురణకర్తలు ఆఫ్‌సెట్‌లో మళ్ళీ మళ్ళీ వేసుకున్నారు. వాటిలో అనేకం నేడు అంతర్జాలంలో రూపాయి ఖర్చు లేకుండా దొరుకుతున్నాయి. మన మదరసా అలమారలో తళతళలాడే బేరూతు అట్ట వెనుక ఉన్న పాఠం చాలా సందర్భాలలో హైదరాబాదు పండితుల చెమట. ఆ పాఠాలమీద నేడు జరుగుతున్న పరిశోధన మాత్రం ఐరోపా, అమెరికా పత్రికలలో చందా కట్టినవారికే తెరుచుకునే తలుపుల వెనుక ఉన్నది. మన సరుకు ఉచితం, దానిమీది ఆలోచన ఖరీదు.

తెలుగు చదువరి స్థితి మరీ వేరు. అతనికి ఫ్రెంచినుండిగాని, జర్మనునుండిగాని ఇస్లామీ పరిశోధన నేరుగా వచ్చే బాట లేదనే చెప్పాలి. ఉర్దూ మెట్టో, ఇంగ్లీషు మెట్టో ఎక్కి, ఆలస్యమై, చాలాసార్లు సంక్షిప్తమై వస్తుంది. అరబీ మూలం నేర్చి తెలుగులో వ్రాయగలవారు మనలో తక్కువ. ఉన్నవారికి తీరికనిచ్చే వఖ్ఫు అంతకంటె తక్కువ. మదీనాకో, కైరోకో, కౌలాలంపూరుకో చదువుకు వెళ్ళిన మన జిల్లాల పిల్లవాడు తిరిగివచ్చినప్పుడు మనం అడిగే మొదటి మాట పట్టా వచ్చిందా అని, రెండవ మాట ఉద్యోగం దొరికిందా అని. ఏ గ్రంథం మీద పనిచేశావు, నీ పరిశోధన ప్రతి ఒకటి మా గ్రంథాలయానికి ఇస్తావా, అందులో ఒక అధ్యాయం తెలుగులో వ్రాస్తావా అని అడిగేవారు ఎవరు? పిక్తాల్‌కు ఒక ప్రభుత్వం జీతంతో సెలవు ఇచ్చింది. ఒక తెలుగు పండితునికి ఆరు నెలలు భోజనం, ఒక గది, సరఖ్సీ వ్యాఖ్యలో ఒక అధ్యాయం అప్పగించటానికి ప్రభుత్వం అక్కరలేదు. ఒక జిల్లాలోని నాలుగు పెద్ద మసీదు కమిటీలు కూర్చుంటే ఆ ఖర్చు తేలుతుంది.